సర్‌సీస్: ఈ పాత ఇంగ్లిష్ మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ సాహిత్యం చదివే డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఒక అమెరికన్ కవితలోనో షేక్‌స్పియర్ నాటకంలోనో ఈ మాట తగులుతుంది. జీఆర్‌ఈకి తయారయ్యేవాళ్లకు వర్డ్ లిస్టులో ఎదురవుతుంది. నిఘంటువు తీస్తే ఒక చోట 'ఆగిపోవడం' అని, ఇంకో చోట 'ఊరట' అని కనబడి అయోమయం మొదలవుతుంది. ఎక్కువమంది అడిగే సందేహాలు, వాటికి జవాబులు ఇవి.

అసలు సర్‌సీస్ అంటే ఏమిటి?

ఎడతెగకుండా సాగుతున్నది ఏదైనా ఆగిపోవడం. ముఖ్యంగా బాధ, నొప్పి, దుఃఖం, పోరు లాంటివి ఆగడం, అవి ఆగినందువల్ల మనిషికి దొరికే ఊరట. ఇంగ్లిష్‌లో దీని అక్షరాలు ఎస్, యు, ఆర్, సి, ఇ, ఎ, ఎస్, ఇ. నామవాచకంగానూ వాడారు, క్రియగానూ వాడారు. ఇప్పటి నిఘంటువులు దీని పక్కన 'ప్రాచీనం' అనో 'సాహిత్యంలో మాత్రమే' అనో గుర్తు పెడుతున్నాయి.

బస్సు స్టాపులో ఆగితే సర్‌సీస్ అనరు. ఫ్యాన్ ఆగితేనూ అనరు. ఇప్పటి వాడుకలో అయితే 'ఇది ఎప్పుడు ఆగుతుందా' అని ఎవరో ఎదురుచూస్తున్నది ఆగాలి. పాత వాడుకలో ఈ షరతు లేదు. గుండె ఆగినా, దావా ఆగినా, ప్రాణం పోయినా సర్‌సీసే. నిఘంటువులో రెండు అర్థాలు కనబడటానికి కారణం ఇదే: మొదటిది పాతది, రెండోది దాని మీద పేరుకున్నది.

ఎలా పలకాలి? సర్‌సీసా, సర్‌సీజా?

సర్‌సీస్. చివర 'స్' శబ్దమే.

మనవాళ్లు ఇక్కడ పొరపడటానికి కారణం ఉంది. 'పోలీసులు బండి సీజ్ చేశారు' అని రోజూ అంటాం. ఆ సీజ్ వేరే మాట, దాని స్పెల్లింగ్ వేరు. 'ఆగు' అనే అర్థం ఉన్న ఇంగ్లిష్ మాట సీస్. కాల్పుల విరమణకు టీవీల్లో వినబడే సీస్‌ఫైర్‌లో ఉన్నది అదే. సర్‌సీస్ చివరిభాగం ఆ సీస్ లాగే పలుకుతుంది.

ఇక ఏ అక్షరం మీద ఊనిక పెట్టాలి? రెండో భాగం మీద, అంటే 'సీస్' మీద పెట్టడం మామూలు. మొదటి భాగం మీద పెట్టే ఉచ్చారణను కూడా కొన్ని నిఘంటువులు ఒప్పుకుంటాయి.

సీస్ ముందు 'సర్' చేరిస్తే సర్‌సీస్ అయిందా?

చూడటానికి అలాగే ఉంటుంది. సర్‌ఛార్జ్, సర్‌టాక్స్ లాంటి మాటల్లో 'సర్' అంటే 'పైన, అదనంగా'. కాబట్టి సర్‌సీస్ అంటే 'బాగా ఎక్కువగా ఆగిపోవడం' అనుకుంటారు. అది తప్పు.

ఈ మాట ఫ్రెంచ్ నుంచి వచ్చింది. ఆ ఫ్రెంచ్ క్రియకు మూలం లాటిన్‌లోని 'సూపర్‌సెడెరే'. 'సూపర్' అంటే పైన, 'సెడెరే' అంటే కూర్చోవడం. పైన కూర్చోవడం అనే అర్థం నుంచి, చేయాల్సిన పని చేయకుండా ఊరుకోవడం, మానుకోవడం, వాయిదా వేయడం అనే అర్థాలు వచ్చాయి. పనిని ముందుకు కదలనివ్వకుండా దాని మీద కూర్చోవడం అన్నమాట. ఫైలు మీద కూర్చున్నాడని మనం ఆఫీసరు గురించి విసుక్కునేటప్పుడు చెప్పేది కూడా దాదాపు అదే.

ఇంగ్లిష్‌లోకి వచ్చాక ఏం జరిగిందంటే, జనానికి సీస్ అప్పటికే బాగా తెలుసు. అర్థమూ దగ్గరిది, శబ్దమూ దగ్గరిది. అందుకని ఈ కొత్త మాటను కూడా సీస్ స్పెల్లింగ్‌తో రాయడం మొదలుపెట్టారు. అదే స్థిరపడిపోయింది. సీస్ పుట్టింది 'సెస్సారే' అనే వేరే లాటిన్ క్రియ నుంచి. అంటే ఈ రెండూ పుట్టుకతో చుట్టాలు కావు.

అయితే మనం వాడే 'సూపర్‌సీడ్'కీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది, రెండూ ఒకే తల్లి పిల్లలు. సహకార సంఘం పాలకవర్గాన్ని సూపర్‌సీడ్ చేశారని పేపర్లలో చదువుతాం. జూనియర్‌కి ప్రమోషన్ ఇచ్చి తనను సూపర్‌సీడ్ చేశారని ఉద్యోగులు బాధపడతారు. ఈ సూపర్‌సీడ్‌కు మూలం కూడా లాటిన్ 'సూపర్‌సెడెరే'నే. మొదట్లో దానికీ వాయిదా వేయడం, మానుకోవడం అనే అర్థాలే ఉండేవి. తర్వాత 'ఒకరిని తప్పించి ఆ చోట ఇంకొకరు కూర్చోవడం' అనే అర్థం పైకొచ్చింది.

స్పెల్లింగులో ఒక తమాషా ఉంది. సూపర్‌సీడ్‌ను 'ఎస్'తో రాయాలి. చాలామంది, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా, 'సి'తో రాసి తప్పు చేస్తారు. సర్‌సీస్ విషయంలో సరిగ్గా అదే తప్పు కొన్ని వందల ఏళ్ల కిందట జరిగింది. అప్పుడు దిద్దేవాళ్లు లేక అదే ఒప్పయింది.

ఫ్రెంచ్‌లో ఈ కుటుంబానికి చెందిన 'సుర్సీ' ఇప్పటికీ రోజువారీ చట్టపరమైన మాట. శిక్ష వేసి, దాని అమలును నిలిపి ఉంచడాన్ని అలా అంటారు. అమెరికా కోర్టుల్లో 'సూపర్‌సీడియస్ బాండ్' అనేది ఉంది. డబ్బు కట్టమని తీర్పు వచ్చినవాడు అప్పీలు తేలేదాకా ఆ తీర్పు అమలు కాకుండా ఉండటానికి ఇచ్చే పూచీ అది. కోర్టు భాషలో మనం 'స్టే' అనే పనికి దగ్గరగా ఉంటుంది. సర్‌సీస్ మాత్రం కోర్టు నుంచి ఎప్పుడో బయటికొచ్చేసి కవుల దగ్గర చేరింది.

ఈ మాటను ఎక్కువమంది ఎక్కడ చదివి ఉంటారు?

ఎడ్గార్ ఎలన్ పో రాసిన 'ది రేవెన్'లో. 1845 జనవరిలో న్యూయార్క్ పత్రికలో అచ్చయిన కవిత. మొత్తం 18 చరణాలు. ఈ మాట రెండో చరణంలోనే వస్తుంది.

డిసెంబరు నెల, అర్ధరాత్రి. ఒంటరిగా ఉన్న మనిషి పాత పుస్తకాలు ముందేసుకుని కునుకుతూ ఉంటాడు. లెనోర్ అనే అమ్మాయి చనిపోయింది. తెల్లవారితే బాగుండునని చూస్తుంటాడు. లెనోర్ కోసం పడే దుఃఖానికి పుస్తకాల నుంచి 'సర్‌సీస్' అప్పు తెచ్చుకోవాలని చూశాననీ, దొరకలేదనీ చెబుతాడు. 'సర్‌సీస్ ఆఫ్ సారో' అనే పదబంధం ఇంగ్లిష్ చదువుకున్నవాళ్ల నోళ్లలో నిలిచింది ఇక్కడి నుంచే. ఈ మాట పూర్తిగా చచ్చిపోకుండా బతికి ఉండటానికి ఆ ఒక్క పంక్తే ముఖ్య కారణమని నా అభిప్రాయం. 'ఊరట' అనే రంగు దీనికి ఇంత గట్టిగా అంటుకోవడంలోనూ ఆ పంక్తి చెయ్యి ఉంది.

లెనోర్ అంటే పో భార్య వర్జీనియానే అని కొందరు రాస్తుంటారు. కవిత అచ్చయ్యేనాటికి ఆమె బతికే ఉంది. క్షయతో బాధపడుతూ 1847 జనవరిలో చనిపోయింది. రాబోయే దుఃఖం నీడ ఇంట్లో ఉందనవచ్చు గానీ, లెనోర్‌ను వర్జీనియాగా తేల్చేయడం తొందరపాటు.

పో 'రిలీఫ్' అనే మామూలు మాట ఎందుకు వాడలేదు?

చెవితో వింటే తెలుస్తుంది. ఆ పంక్తిలో 'సర్‌సీస్', 'సారో' రెండూ 'స' శబ్దంతో మొదలవుతాయి. మనం అనుప్రాస అంటాం కదా, అదే. పై పంక్తిలో 'మారో', 'బారో' అనే ప్రాసలున్నాయి, కింద 'సారో' వాటితో కలుస్తుంది. ఇక్కడ రిలీఫ్ పెడితే అర్థం చెడదు గానీ 'స'కారాల వరస తెగిపోతుంది. ఊనిక ఒకటి, లేనిది ఒకటిగా నడిచే ఆ పంక్తిలో 'సీస్' భాగం సరిగ్గా ఊనిక పడే చోట కూర్చుంటుంది. ఉచ్చారణ మీద సందేహం ఉన్నవాళ్లు ఆ పంక్తిని పైకి చదివి చూసుకోవచ్చు.

శబ్దం ఒక్కటే కాదు. 1845 నాటికే ఇది పాత వాసన కొట్టే మాట. మరిచిపోయిన విద్యల పుస్తకాలు చదువుతున్న మనిషి నోట అలాంటి మాట రావడం సహజంగా ఉంది.

అన్నిటికన్నా గమనించాల్సింది 'బారో', అంటే అప్పు తెచ్చుకోవడం. అతను దుఃఖం పూర్తిగా పోవాలని అడగడం లేదు. పుస్తకాల దగ్గర కొంతసేపటికి చేబదులు అడుగుతున్నాడు, అదీ పుట్టలేదు. క్లాసులో సర్‌సీస్‌ను 'అంతం' అని రాయించేవాళ్లు ఈ చేబదులును వదిలేస్తారు.

ఇదే కవితలో ఊరటకు ఇంకా మాటలున్నాయి. తర్వాతి చరణాల్లో 'రెస్పిట్' వస్తుంది. దాని పక్కనే 'నెపెంథీ' వస్తుంది, గ్రీకు కథల్లో దుఃఖాన్ని మరిపించే మందు. బైబిల్లోని గిలాదు గుగ్గిలం ప్రస్తావనా ఉంది. కవిత ముందుకు పోయేకొద్దీ అతను అడిగేది పెరుగుతూ పోతుంది: మొదట దుఃఖం కాస్త ఆగితే చాలన్నాడు, తర్వాత జ్ఞాపకాలనే తుడిచేసే మందు కావాలన్నాడు. అతని గదిలోకి వచ్చిన రేవెన్ అనే కాకిజాతి పక్షి మాత్రం 'నెవర్‌మోర్' (ఇంకెన్నటికీ లేదు) తప్ప ఇంకో జవాబు చెప్పదు.

మేక్‌బెత్‌లో ఇదే మాట ఉందంటారు. అక్కడ ఊరట ఎక్కడుంది?

అక్కడ ఊరట లేదు, చావు ఉంది.

మొదటి అంకం ఏడో రంగం. రాజు డంకన్ అతిథిగా మేక్‌బెత్ కోటకు వచ్చాడు. అతన్ని చంపాలా వద్దా అని మేక్‌బెత్ తనలో తాను మాట్లాడుకుంటాడు. ఈ హత్య దాని పర్యవసానాలన్నిటినీ వలేసి పట్టేయగలిగితే, 'సర్‌సీస్'తోనే 'సక్సెస్' చేతికి చిక్కితే, అప్పుడు ఇక వెనకాడక్కర్లేదు అన్నది అతని లెక్క. వల అన్నది నేను అతికించిన పోలిక కాదు. అక్కడ వాడిన 'ట్రామెల్' అనే క్రియ చేపలు, పిట్టలు పట్టే వల పేరు నుంచి వచ్చిందే.

సర్‌సీస్, సక్సెస్ అన్న రెండు మాటలు పక్కపక్కనే వస్తాయి. నటుడు కాస్త వేగంగా చెబితే నాలుక తడబడేంత దగ్గర శబ్దాలు. చంపడమూ గెలవడమూ ఆ మనిషి బుర్రలో ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయని ఆ తడబాటే చెబుతుంది.

ఇక్కడ పరీక్షల్లో అడిగే చిక్కు ఒకటుంది. మూలంలో 'హిజ్ సర్‌సీస్' అని ఉంటుంది. 'హిజ్' అంటే ఎవరిది? డంకన్‌ది అయితే అతని చావు అని అర్థం. కానీ ఆ కాలంలో వస్తువులకు, భావాలకు కూడా 'హిజ్' వాడేవారు. 'ఇట్స్' ఇంకా కుదురుకోలేదు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో ఉప్పు తన సారం కోల్పోవడం గురించి చెప్పేటప్పుడు కూడా 'హిజ్' అనే ఉంటుంది. కాబట్టి పర్యవసానాలు ఆగిపోవడం అనో, హత్య ముగిసిపోవడం అనో కూడా చెప్పుకోవచ్చు. వ్యాఖ్యాతలు రెండు వైపులా ఉన్నారు. పరీక్షలో రెండూ రాయండి. నాకైతే డంకన్ చావే ముందు వినబడుతుంది, ఎందుకంటే 'చంపడం' అనే మాటను సూటిగా అనలేక మేక్‌బెత్ ఆ ప్రసంగంలో చాలాచోట్ల చుట్టుతిరుగుడు మాటలే వాడతాడు.

క్రియగా ఎలా వాడేవారు?

రెండు ఉదాహరణలు చాలు, రెండూ షేక్‌స్పియర్‌వే. 'రోమియో అండ్ జూలియట్' నాలుగో అంకంలో సన్యాసి లారెన్స్ జూలియట్‌కు మందు ఇస్తూ, తాగాక ఏం జరుగుతుందో చెబుతాడు: నాడి తన సహజమైన నడక నడవదు, 'సర్‌సీస్' అవుతుంది. 'కొరియొలేనస్' మూడో అంకంలో కథానాయకుడు జనాన్ని చల్లబరచడానికి వాళ్ల ముందు నటించనంటాడు. అలా చేస్తే తన సత్యాన్ని గౌరవించడం 'సర్‌సీస్' చేసినట్టవుతుందంటాడు. మొదటి చోట 'ఆగిపోవు', రెండో చోట 'మానుకొను'.

ఈ క్రియ ఇప్పుడు పూర్తిగా మూలపడింది. నామవాచకమైనా అక్కడక్కడా కనిపిస్తుంది గానీ, క్రియను ఇవాళ ఎవరైనా రాస్తే వెటకారానికో చారిత్రక నవలకో అయి ఉంటుంది.

తాత్కాలికంగా ఆగడమా, శాశ్వతంగా ఆగడమా?

మాట రెండింటికీ ఒప్పుకుంటుంది. షేక్‌స్పియరే సాక్ష్యం. జూలియట్ నాడి ఆగేది 42 గంటలు, ఆ తర్వాత ఆమె నిద్రలేచినట్టు లేస్తుంది. డంకన్ మళ్లీ లేవడు. ఏది అన్నది వాక్యమే చెప్పాలి. ఆధునిక రచనల్లో మాత్రం ఎక్కువగా తాత్కాలికమైన విరామం వైపే మొగ్గు.

రిలీఫ్, రెస్పిట్, రిప్రీవ్, సెసేషన్: వీటితో తేడా ఏమిటి?

గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదివినవాళ్లకు ఇందులో సగం తెలుసు. రాజ్యాంగం 72వ అధికరణ రాష్ట్రపతికి, 161వ అధికరణ గవర్నర్‌కు ఇచ్చిన క్షమాభిక్ష అధికారాల్లో రిప్రీవ్, రెస్పిట్ రెండూ ఉన్నాయి. రిప్రీవ్ అంటే శిక్ష అమలును, ముఖ్యంగా ఉరిని, కొంతకాలం ఆపడం. రెస్పిట్‌ను గర్భవతి కావడం, వైకల్యం లాంటి ప్రత్యేక పరిస్థితుల్లో శిక్ష తగ్గించడంగా పాలిటీ పుస్తకాలు వివరిస్తాయి. చట్టం బయట రెస్పిట్ అంటే కష్టం మధ్యలో దొరికే కొద్దిపాటి విశ్రాంతి. విదేశాల్లో పెద్దవాళ్లను ఇంట్లో చూసుకునేవారికి కొన్ని రోజులు వెసులుబాటు ఇచ్చే ఏర్పాటును 'రెస్పిట్ కేర్' అంటారు. రెస్పిట్ అయిపోయాక కష్టం మళ్లీ వస్తుందని ఆ మాటలోనే ఉంది.

రిలీఫ్ అన్నిటికీ సరిపోయే మాట. నొప్పి అలాగే ఉండి కాస్త తగ్గినా రిలీఫే. సర్‌సీస్‌కు తగ్గడం చాలదు, ఆగాలి. సెసేషన్ ఉట్టి ఆగడం, అందులో మనసు ఉండదు. ప్రభుత్వ ఉత్తర్వుల్లో, వైద్య నివేదికల్లో అదే రాస్తారు.

తెలుగులో ఏమనాలి?

నా ఓటు 'తెరిపి'కి.

నిఘంటువులు ఉపశమనం, విరామం, నివృత్తి అని ఇస్తాయి. తప్పు కాదు. కానీ ఉపశమనం అంటే ఇప్పుడు నొప్పి మాత్రల ప్రకటన గుర్తొస్తుంది. ఊరట అంటే 'హైకోర్టులో ఊరట' అనే పేపరు హెడ్డింగు గుర్తొస్తుంది. విరమణ అంటే రిటైర్మెంటో కాల్పులో. తెరిపి అలా కాదు. వాన తెరిపి ఇచ్చిందంటే ఆగిందనీ అర్థం, హమ్మయ్య అనీ అర్థం. ప్రాణం తెరిపిన పడిందన్నా అంతే. ఆగడమూ ఊరటా ఒకే మాటలో ఉండటమే కదా సర్‌సీస్ ప్రత్యేకత. ఇంగ్లిష్‌లో 'విదౌట్ సర్‌సీస్' అని రాసేచోట మనకు 'ఎడతెరిపి లేకుండా' అని సిద్ధంగా ఉంది, ప్రతి వానాకాలం పేపర్లలో అచ్చవుతూనే ఉంటుంది.

మేక్‌బెత్‌కు మాత్రం తెరిపి పనికిరాదు. అక్కడ 'అంతం' అనాలి, లేదా 'శమనం' అనాలి. శమనం అంటే చల్లారడం, శాంతించడం. శమనుడు అంటే యముడు. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటలో ఊరటా చావూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి, అనువాదకులు ఒకసారి వాడి చూడదగ్గ మాట.

ఏ విభక్తి పెట్టాలి? 'ఆఫ్' అనా, 'ఫ్రమ్' అనా?

పో 'ఆఫ్' అన్నాడు: దుఃఖం యొక్క ఆగడం. ఇప్పటివాళ్లు ఎక్కువగా 'ఫ్రమ్' వాడతారు: నొప్పి నుంచి, గోల నుంచి. రెండూ సరే. కవితను గుర్తుచేయాలంటే ఆఫ్, మామూలు వాక్యంలో ఫ్రమ్. వ్యతిరేకార్థంలో ఈ మాట ఎక్కువగా వినబడుతుంది: 'నో సర్‌సీస్', 'విదౌట్ సర్‌సీస్'. సాధారణంగా బహువచనం వాడరు.

జీఆర్‌ఈకి దీన్ని బట్టీ పట్టాలా?

పాత లిస్టుల్లో ఉన్న ఇలాంటి మాటలు ఒకప్పుడు వ్యతిరేకపదాల ప్రశ్నలకు పనికొచ్చేవి. 2011 ఆగస్టులో పరీక్ష మారినప్పుడు ఆ ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీలు పూరించాలి. సందర్భం తెలియకుండా 'సర్‌సీస్ ఈక్వల్ టు స్టాప్' అని గుర్తుపెట్టుకుంటే పెద్దగా ఉపయోగం లేదు. టైం తక్కువగా ఉంటే ముందు రెస్పిట్, అబేట్, అస్వేజ్ లాంటి బతికున్న మాటలు నేర్చుకోండి.

ఆఫీసు మెయిల్లో, ఐఈఎల్‌టీఎస్ వ్యాసంలో వాడొచ్చా?

వద్దు. సర్వర్ సర్‌సీస్ అయిందని మేనేజర్‌కు రాస్తే నవ్వుతారు. ఐఈఎల్‌టీఎస్‌లో అరుదైన మాటలకు మార్కులుంటాయన్నది సగం నిజమే, చోటు తప్పి వాడితే అదే మైనస్ అవుతుంది. కథలోనో, పుస్తక సమీక్షలోనో, ఆసుపత్రిలో గడిచిన పొడవాటి రాత్రి గురించి రాసే వ్యాసంలోనో ఒక్కసారి వాడితే పండుతుంది. రెండోసారి అదే పేజీలో కనబడితే చదివేవాడు మాటను చూస్తాడు, విషయాన్ని వదిలేస్తాడు.